రైల్వే మామ రెండు వేళ్లు

కాజీపేటలో మా పక్కింటి రైల్వే మామ అనగానే నాకు నాబ్ తిప్పే ఆయన రెండు వేళ్లే గుర్తొస్తాయి. పాత రేడియో సామాన్లతో ఆయనొక కరెంటు వాయిద్యం తయారుచేశాడు. అందులో స్వరం పుట్టించే ఆసిలేటర్ ఒకటే ఉండేది. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న నేను, నాదం నిండుగా రావాలని ఇంకో రెండు చేసి, మూడింటినీ సరిగ్గా ఒకే శ్రుతికి తెచ్చాను. మోత పెరిగింది గానీ నిండుదనం రాలేదు.

"ముగ్గురు ఒక్కతీర్గ మాట్లాడితె ఒక్కడున్నట్టే బిడ్డా. ఒకదాన్ని జర పక్కకు జరుపు," అంటూ మామ నాబ్‌ను వెంట్రుకవాసి తిప్పాడు. స్వరం అలలా ఊగుతూ నిండుగా వినిపించింది.

ఆ ఆదివారం చర్చిలో, శ్రుతి తప్పుతోందని పాటల మాస్టారు మామ భార్యను పాడవద్దన్నాడు.

మామ లేచాడు. "ఆమెను ఆపకుండ్రి సార్, పాట సన్నవడ్తది."

అత్తమ్మ మళ్లీ అందుకుంది. కూర్చున్న మామ రెండు వేళ్లు మోకాలి మీద, అక్కడ లేని నాబ్‌ను మెల్లగా తిప్పుతున్నాయి.