మేడ మీద ఫిన్లాండు, పెరటి వాటాలో కాబూలు

చీపురుపల్లిలో మా ఇంటికి మేడ మీద ఒక వాటా, వెనక పెరటి వైపు ఒక వాటా ఉన్నాయి. రెండూ ఒకే నెలలో ఖాళీ అయ్యాయి. నేను బడిలో సోషల్ పాఠాలు చెబుతాను. మా ఆయనకు బజారులో విత్తనాల కొట్టు ఉంది. అద్దెల వ్యవహారమంతా మా అత్తదే. అప్పటిదాకా ఆమెది హోం శాఖ ఒక్కటే. ఆ ఏడాది విదేశాంగ శాఖ కూడా ఆమె నెత్తిన పడింది.

ముందు మేడ మీదికి మనిషి వచ్చాడు. ఊరి బయట ఫ్యాక్టరీలో కొత్త కొలిమి బిగించడానికి వచ్చిన ఇంజనీరు. ఆరడుగుల పైన ఎత్తు, ఎండుగడ్డి రంగు జుట్టు. ఫ్యాక్టరీ మేనేజరు వెంటబెట్టుకొచ్చి, ఈయనది ఫిన్లాండు అని చెప్పాడు.

"అదెక్కడ బావూ, పార్వతీపురం దాటాకా?" అంది అత్త.

"చాలా దాటాకమ్మా," అన్నాడు మేనేజరు.

వారం తిరక్కుండా ఇంజనీరింగ్ కాలేజీలో పనిచేసే నా స్నేహితురాలు ఫోన్ చేసింది. అఫ్గానిస్తాన్ నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాలట. అతను పీహెచ్‌డీ చేస్తున్నాడు, ఆమె కాబూల్లో బడిపిల్లలకు సైన్సు చెప్పేదట. ఊళ్ళో ఎవరూ ఇల్లివ్వడం లేదు, మీరైనా ఇవ్వండే అంది. అత్తనడిగాను.

"మంచోళ్లేనా?"

"మంచివాళ్ళేనట."

"గదిలోంచి బైటికొచ్చినప్పుడు లైట్లు ఆపుతారేటి?"

"అది అడగలేదత్తా."

"రమ్మను. లైట్ల సంగతి నాను సూసుకుంటాను."

అలా మా ఇంట్లో రెండు దేశాలు దిగాయి.

మొదటి రోజే అత్త ఇద్దరినీ పలకరించబోయింది. మా అత్తకు మనిషి ముఖంలో ముఖం పెట్టి మాట్లాడితే గానీ మాట్లాడినట్టుండదు. ఫిన్లాండాయనకు ఎదుటి మనిషి రెండు బారల దూరంలో లేకపోతే ఊపిరాడదు. ఆమె ఒక అడుగు ముందుకేస్తే అతను ఒక అడుగు వెనక్కేశాడు. అరుగు మీద మొదలైన కుశలప్రశ్నలు గేటు అవతల కరెంటు స్తంభం దగ్గర ముగిశాయి. అత్త తిరిగొచ్చి, "ఆ గుంటడికి నానంటే బయ్యం," అని తేల్చింది.

పెరటి వాటాలో ఇంకో కథ. కాబూలు అమ్మాయి అత్తను చూడగానే గట్టిగా వాటేసుకుని, ఈ చెంప మీద, ఆ చెంప మీద, మళ్ళీ ఈ చెంప మీద ముద్దులు పెట్టింది. మా మామగారు బతికున్న కాలంలో కూడా ఇలాంటిది ఎరగని మా అత్త కొయ్యబారి నిలబడిపోయింది. ఆ అమ్మాయి మొగుడు గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగి, హిందీలో అమ్మీజాన్ అన్నాడు. కుర్చీ వేశారు. యాలకుల టీ, ఒక పళ్ళెంలో బాదంపప్పులు, కిస్‌మిస్‌లు పెట్టారు. అత్త లేస్తే వాళ్ళూ లేచారు, కూర్చుంటే వాళ్ళూ కూర్చున్నారు.

నెల తిరిగేసరికి మా వీధి వీధంతా కలిసి ఈ రెండు దేశాల ఆర్థిక పరిస్థితి మీద ఒక నిర్ణయానికి వచ్చేసింది. ఫిన్లాండాయన కటిక పేదవాడు. కార్లో వెళ్ళకుండా సైకిలు తొక్కుతాడు. మోకాళ్ళ దగ్గర వెలిసిపోయిన నిక్కరు వేసుకుంటాడు. బట్టలు తనే ఉతుక్కుంటాడు, మేడ మెట్లు తనే ఊడ్చుకుంటాడు. బజారుకెళ్ళి ఒకే ఒక్క అరటిపండు కొంటాడు. క్యారెట్ పచ్చిదే నములుతాడు. పాపం, గ్యాసు లేదేమో. కాబూలు వాళ్ళు మాత్రం జమీందార్లు. అతను ఇస్త్రీ చొక్కా లేకుండా గుమ్మం దాటడు. ఎవరెళ్ళినా బాదంపప్పులు పెడతారు.

"ఏ పూటకాపూట బతికే గుంటడు," అని అత్త మేడ మీదికి రోజూ పప్పో, చారో పంపేది. అతను గిన్నె తళతళా తోమి తిరిగిచ్చేవాడు. ఊరికే ఇవ్వడం బాగుండదని ఒకసారి అందులో వాళ్ళ దేశం మిఠాయి బిళ్ళలు వేశాడు. నల్లగా, ఉప్పగా, నోట్లో వేసుకుంటే కళ్ళు మూసుకుపోయేలా ఉన్నాయి. అత్త ఒకటి చప్పరించి, "మిఠాయి కాదే, అజీర్తి బిళ్ళ," అంది. అప్పట్నుంచి వీధిలో ఎవరికి కడుపుబ్బరం చేసినా ఒక బిళ్ళ ఇచ్చేది. తగ్గేది కూడాను.

కాబూలు వాళ్ళ అసలు సంగతి నాకు వేరే విధంగా తెలిసింది. ఒక మధ్యాహ్నం గిన్నెలో చేమదుంపల పులుసు పట్టుకుని చెప్పాపెట్టకుండా పెరటి వాటాకు వెళ్ళాను. వాళ్ళిద్దరూ అన్నం తింటున్నారు. ఉత్త అన్నం, ఉడికించిన బంగాళాదుంప, పచ్చి ఉల్లిపాయ, ఉప్పు. నన్ను చూడగానే ఆ అమ్మాయి పళ్ళెం పక్కకు జరిపేసి, లోపలికెళ్ళి బాదంపప్పులు తెచ్చింది. నేను రెండు తిన్నాను. ఆమె ఒక్కటి కూడా ముట్టలేదు. ఆ పప్పులు వాళ్ళు తినడానికి కాదు, ఎవరైనా వస్తే పెట్టడానికని అప్పుడర్థమైంది. వాళ్ళ దేశంలో ప్రభుత్వం మారాక ఇంటి నుంచి డబ్బు రావడం ఆగిపోయిందనీ, స్కాలర్‌షిప్ ఎప్పుడొస్తుందో తెలియదనీ తర్వాతెప్పుడో అతను మా ఆయనతో చెప్పాడు.

సరిగ్గా ఆ వారమే ఫ్యాక్టరీ మేనేజరు మా కొట్టుకొచ్చి మాటల్లో ఫిన్లాండాయన జీతమెంతో చెప్పాడట. ఆ అంకె విని మా ఆయన కొట్టు తొందరగా కట్టేసి ఇంటికొచ్చి కాసేపు పడుకున్నాడు.

అత్తకు రెండూ చెప్పాం. ఆమె చాలాసేపు నమ్మలేదు.

"మరి ఒక్క అరటిపండే ఎందుకు కొంటాడు?"

"ఒక్కటే తింటాడమ్మా. అందుకని ఒక్కటే కొంటాడు," అన్నాడు మా ఆయన.

"ఓలమ్మో! అలాగ కూడా ఉంటారేటి?"

అయినా మేడ మీదికి చారు ఆపలేదు. "డబ్బుంటే సారొస్తాదేటి?" అంది. పెరటి వాటాకు మాత్రం ఏమీ పంపలేదు. పంపితే ఆ అమ్మాయి చిన్నబుచ్చుకుంటుందని ఆమెకు తోచింది. దానికి బదులు రోజూ పదకొండింటికి, "ఒసే పిల్లా, నాకు చెయ్యి నొప్పి, కూర తరుగుదువు గాని రా," అని కేకేసేది. తరగడం అయ్యాక తినకుండా వెళ్ళనిచ్చేది కాదు. ఆమె మొగుడికి కాలేజీకి క్యారేజీ కూడా ఆ వంటలోంచే వెళ్ళేది. అత్త చేతికి ఏ నొప్పీ లేదు. ఆ సంగతి ఆ అమ్మాయికీ తెలుసు.

విదేశీయులు అద్దెకున్నారు కాబట్టి అప్పుడప్పుడు పోలీసు కానిస్టేబుల్ వివరాలు చూసుకోవడానికి వచ్చేవాడు. మేడెక్కి ఫిన్లాండాయనతో ఒక సెల్ఫీ తీసుకుని దిగేవాడు. పెరటి వాటాకొచ్చేసరికి కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. ఎవరొస్తారు, ఎవరు ఫోన్ చేస్తారు, ఎక్కడికెళ్తారు, మళ్ళీ మొదటినుంచీ ఎవరొస్తారు. ఆ అమ్మాయి తల మీద కొంగులా కప్పుకున్న గుడ్డ అంచును చేతుల్లో నలుపుతూ నిలబడేది. ఒకసారి నేనుండబట్టలేక అడిగాను, ఇద్దరూ పరాయి దేశం వాళ్ళే కదా, ఆయనకొకలా, వీళ్ళకొకలా ఎందుకని.

"పైనున్నాయన పనైపోతే ఎల్లిపోతాడు మేడమ్. ఈళ్లకి ఎల్లిపోడానికి ఊరు లేదు. మా పెద్దాఫీసర్లు మమ్మల్ని అడిగేదీ ఈళ్ల గురించే," అన్నాడతను. కోపంగా అనలేదు. బాదంపప్పు నములుతూ అన్నాడు.

ఎండాకాలం వచ్చింది. ఒక ఆదివారం పొద్దున్న మేడ మీది నుంచి ఫిన్లాండాయనా, వెనకనుంచి కాబూలు వాళ్ళిద్దరూ ఒకేసారి మా అరుగు ముందుకొచ్చారు. ఇద్దరిదీ ఒకటే కోరిక: పెరట్లో పొయ్యి కట్టుకుంటాం. కాబూలు అమ్మాయికి రొట్టెలు కాల్చే తందూరు కావాలి. బజారు రొట్టె వాళ్ళ దృష్టిలో రొట్టె కాదు. అత్తకు అది వెంటనే అర్థమైంది. ఫిన్లాండాయన కోరిక అర్థం కావడానికి టైము పట్టింది. చిన్న గది కట్టి, పొయ్యి మీద రాళ్ళు కాల్చి, వాటి మీద నీళ్ళు చల్లి, ఆ ఆవిరిలో కూర్చుంటారట. దాన్ని సౌనా అంటారట. నేను తెలుగు చేసి చెప్పాను.

"కూకుని ఏటి సేస్తారు?"

"చెమట పట్టిస్తారత్తా."

అత్త అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. "మే నెల్లో? సీపురుపల్లిలో? సెమటకి గది కట్టాలా? మన వంటింట్లో కూకోమనే, ఊరికే పడతాది."

అతను నవ్వలేదు. "మా దగ్గర వేడిని మేం పుట్టించుకుంటాం. ఇక్కడ అదే వచ్చి మీద పడుతుంది. రెండూ ఒకటి కాదు," అన్నాడు. వచ్చినప్పట్నుంచి అతని నోట విన్న అతి పెద్ద ఉపన్యాసం అదే.

అత్త ఒప్పుకుంది. చిక్కు ఎక్కడొచ్చిందంటే, పెరట్లో గాలి తగలని మూల ఒక్కటే ఉంది. ఇద్దరికీ అదే కావాలి. కాబూలాయన గుండె మీద చెయ్యి పెట్టుకుని, "మీరే తీసుకోండి," అన్నాడు. మర్యాద తెలిసిన మనిషెవరైనా "అబ్బే, మీరే" అనాలి. అతను మళ్ళీ "కాదు, మీరే" అనాలి. అలా కాసేపు సాగాక ఏదో ఒకటి తేలుతుంది. ఫిన్లాండాయన "థాంక్స్" అన్నాడు. మర్నాడు తెల్లవారేసరికి ఆ మూల గొయ్యి తవ్వేసి ఉంది.

కాబూలు అమ్మాయి ఆ గొయ్యి చూసి తలుపు వేసుకుంది. పదకొండింటికి అత్త కేకేసినా రాలేదు. పాపం ఫిన్లాండాయనకు ఏం జరిగిందో తెలియదు. అత్త నన్ను వెంటబెట్టుకుని మేడెక్కింది.

"ఒరే బావూ, తీసుకోమన్నాడని తీసేసుకుంటావేటి? మేవైతే మూడేపులు ఒద్దని, నాలుగోసారి గాని తినం."

నేను ఇంగ్లీషులో చెప్పాను. అతని ముఖం పాలిపోయింది.

"అంటే అతను ఇస్తానన్నది ఇవ్వనని చెప్పడానికా? మరి నిజంగా ఇస్తానని చెప్పాలంటే ఏమంటాడు?"

"అదే అంటాడు."

"మరి తేడా ఎలా తెలుస్తుంది?"

అత్తనడిగితే, "మొకం సూస్తే తెలీదేటి?" అంది. అతను ముఖాలు చూసే రకం కాదు, నేల చూసే రకం. ఆ సాయంత్రమే పెరటి వాటా తలుపు తట్టి, ఆ మూల మీకే, నా మాటకు వేరే అర్థం లేదు, అని చెప్పొచ్చాడు. గొయ్యి తందూరుకు సరిగ్గా సరిపోయింది. అత్త తన గుమ్మడి పాదు పీకించి సౌనాకు రెండో పక్క చోటిచ్చింది. పాదు పీకించడం మా అత్త జీవితంలో చేసిన పెద్ద త్యాగాల్లో ఒకటి. ఇంట్లో అందరం ఆ రోజు కాస్త మెల్లగా మాట్లాడుకున్నాం.

తందూరు మట్టిలో మేకవెంట్రుకలు కలపాలని ఆ అమ్మాయి చెబితే, అత్త మేకలు కాసేవాళ్ళ దగ్గర గోనెడు తెప్పించింది. ఫిన్లాండాయన రేకులతో, చెక్కలతో గది కట్టాడు. కాబూలాయన రాళ్ళు మోశాడు, మా దేశంలో హమామ్ అని ఆవిరి స్నానాల గది ఉంటుంది, నాకూ ఇది తెలుసు అంటూ. మా ఆయన సలహాలు మోశాడు.

మొదటి రోజు సాయంత్రం ముగ్గురు మగవాళ్ళూ తువ్వాళ్ళు చుట్టుకుని లోపలికెళ్ళారు. బయట తందూరు దగ్గర మేము రొట్టెలు కాలుస్తున్నాం. ఇంతలో గేటు దగ్గర జీపు ఆగింది. పెరట్లో కొత్త రేకుల షెడ్డు, పొగ, కాలిన రాళ్ళు, మధ్యమధ్య ఎర్రబడి తూలుతూ బయటికొచ్చి మళ్ళీ లోపలికెళ్ళే మగవాళ్ళు. ఇదంతా చూసి, ఇక్కడ నాటుసారా కాస్తున్నారని వీధిలో ఎవరో ఫోన్ చేశారట. మన కానిస్టేబులే ఇంకో ఇద్దరిని వెంటేసుకుని వచ్చాడు. ధడాలున తలుపు తీశాడు.

ఆవిరిలో మూడు తువ్వాళ్ళు కనిపించాయి.

"సరుకేది?" అన్నాడు.

"సరుకు లేదు బావూ, సెమటే," అన్నాడు మా ఆయన లోపలినుంచి.

"తలుపు. వేడి పోతుంది," అన్నాడు ఫిన్లాండాయన ఇంగ్లీషులో, చాలా బాధగా.

కానిస్టేబుల్ నీళ్ళ బకెట్టు వాసన చూశాడు. గరిటెతో రాళ్ళు కదిపాడు. అతని చొక్కా అప్పటికే వీపుకు అతుక్కుపోయింది. "దీనికోసరం గది కట్టారా? మా స్టేషన్‌కి ఒచ్చి కూకోండి, ఫ్యానుండదు," అన్నాడు. అప్పుడు కాబూలు అమ్మాయి, ఎప్పుడూ అతని ముందు చేతులు నలుపుకునే ఆ అమ్మాయి, ఒక్కసారి పగలబడి నవ్వింది. నవ్వు ఆపుకోలేక తందూరు గట్టు పట్టుకుంది. అలా నవ్వడం మేమెవరం అంతకు ముందు చూడలేదు, ఆమె మొగుడు తువ్వాలుతోనే బయటికొచ్చి చూశాడు. జీపులో వచ్చిన వాళ్ళందరికీ తలో రొట్టె పెట్టింది.

ఆ తర్వాత కూడా కానిస్టేబుల్ అప్పుడప్పుడూ వచ్చి ఆ ప్రశ్నలే వేశాడు. కాకపోతే రొట్టెలు కాల్చే వేళకు వచ్చేవాడు, జవాబు వినకుండానే రాసుకునేవాడు.

కొలిమి వెలిగాక ఫిన్లాండాయన వెళ్ళిపోయాడు. మా ఆయన దగ్గర నేర్చుకున్న ఒకే ఒక్క తెలుగు మాట, "ఎల్లొస్తాను," అని అత్తతో చెప్పాడు. మళ్ళీ వచ్చేదేమీ లేదని ఆమెకు తెలుసు, అయినా "రా నాయినా" అంది. మరికొన్నాళ్ళకు కాబూలాయన పీహెచ్‌డీ పూర్తయింది. ఊరికి వెళ్ళే దారి లేక, వాళ్ళవాళ్ళు కొందరున్నారని హైదరాబాదు వెళ్ళారు. అక్కడ ఎన్నాళ్ళుంటారో, తర్వాత ఎక్కడికో వాళ్ళకే తెలియదు. రైలెక్కించి వచ్చాక అత్త రెండు రోజులు కూర తరగలేదు, నిజంగానే చెయ్యి నొప్పి అంది. ఆ అమ్మాయి వీడియో కాల్ చేస్తుంది. ఒకరు హిందీలో, ఒకరు శ్రీకాకుళంలో గంటసేపు మాట్లాడుకుంటారు.

ఇప్పుడు మేడ మీద చిత్తూరు వైపు నుంచి వచ్చిన బ్యాంకు క్లర్కు ఉంటున్నాడు. మొన్న కిందికి దిగి అత్తతో ఏదో గబగబా చెప్పి వెళ్ళాడు. ఏమన్నాడని అడిగాను.

"ఏటో అన్నాడే, ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు," అంది అత్త. "నువ్వొకసారి ఎల్లి అడిగి, తెలుగు సేసి సెప్పు."