రైలు రాని గేటు

మా భానూరు బాట మీద కరెంటు రైలు నడిచింది ఏడాదిన్నరే. కరెంటు తగ్గినప్పుడల్లా ఎత్తు దగ్గర ఆగిపోయేది, ఎక్కినవాళ్లే దిగి తోసేవారు. టికెట్టు కొని మరీ రైలు తోసే ఖర్మ ఎవరికి కావాలి? జనం మళ్లీ ఎడ్లబండ్లనే నమ్ముకున్నారు. 1953లో రైలు ఆపేసి, తీగలు విప్పుకుపోయారు.

గేటు మనిషి సాదుల్లాను మాత్రం మరిచిపోయారు. రైలు ఆపమన్న కాగితం వచ్చింది గానీ గేటు ఆపమన్న కాగితం రాలేదు. అందుకని ఆయన రోజూ పదింటికి గేటు వేసి, పచ్చజెండా పట్టుకుని, రాని రైలును సాగనంపి, పావుగంటకు తీసేవాడు. పిచ్చి అనుకోకండి. గేటుంటేనే కొలువు, కొలువుంటేనే పక్కనున్న ఒంటిగది. అది పోతే ఆయనా, భార్య రషీదున్నీసా చెట్టు కిందికే.

బండ్లవాళ్లు ఆగేవారా? గేటు పక్కనుంచి చేలో పడి పోయేవారు. అందరికంటే ముందు కూరగాయల మొగులమ్మ. "రైలు సచ్చి మూడేండ్లాయె, నీకింకా సోయి రాలే?" అని రోజూ తిట్టేది.

ఒకనాడు కబురొచ్చింది, గేటు అవసరమో కాదో చూడడానికి పెద్ద సారు వస్తున్నాడని. సాదుల్లా సిగ్గు విడిచి మొగులమ్మ దగ్గరికి పోయాడు.

"అక్కా, రేపొక్కరోజు గేటు కాడ ఆగుండ్రి. ఎవ్వరు ఆగకుంటే గేటెందుకంటడు సాబ్. ఇల్లు పోతది."

మొగులమ్మది నోరే గయ్యాళి, మనసు వెన్న. మర్నాడు ముప్పై బండ్లు, ఒక మేకలమంద, దారిన పోతున్న పెండ్లివారితో సహా గేటు ముందు నిలబెట్టింది.

సారు జీపు దిగి నోరు వెళ్లబెట్టాడు. "ఇంతమంది రోజూ ఆగుతారా?"

"రోజూ సాబ్! ఎండల మాడి సస్తున్నం. మొన్నొక బర్రె ఈడ్నే ఈనింది" అంది మొగులమ్మ, సాయం చేస్తున్నాననుకుని.

సారు గుండె కరిగింది. "లేని రైలు కోసం జనానికి ఇంత బాధా!" అని అక్కడికక్కడే హుకుం రాసిచ్చాడు. సాయంత్రానికి గేటు ఊడబెరికి లారీలో వేసుకుపోయారు.

సాదుల్లా కూలబడ్డాడు. "నా నోరు పాడుగాను" అని మొగులమ్మ నెత్తి కొట్టుకుంది. రషీదున్నీసా ఒక్కతే నిబ్బరంగా ఆ ఉర్దూ కాగితం రెండుసార్లు చదివింది.

"దీంట్ల గేటు తియ్యమనే ఉన్నది. గేటు మనిషిని తియ్యమని యాడుంది?"

మర్నాడు పదింటికి సాదుల్లా బాట నడుమ నిలబడి రెండు చేతులూ బార్లా చాపాడు. అటూ ఇటూ పోవడానికి కావలసినంత చోటుంది. మొగులమ్మ బండి ఆపింది.

"ఎంతసేపు, భాయ్?"

"పావుగంట, అక్కా. చేతులు గుంజుతున్నయ్, జెర జల్దీనే తీస్త."