జట్కా సాయిబు బుజ్జగింపు

రాప్తాడులో మా పక్కింటి జట్కా సాయిబును తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. తొంభైల చివర్లో ఆటోలు ఎక్కువై జట్కా ఎక్కేవాళ్లు తగ్గారు. పెళ్లికొడుకుల ఊరేగింపే ఆయనకు మిగిలిన బతుకుతెరువు. ఆయన గుర్రానికేమో, ఇంటికి నీళ్ల బిందెలు మోసే గాడిద కనబడకపోతే ప్రాణం నిలవదు. వేరుశనగ పీకిన చేలో రెండూ కలిసే మేసేవి. గాడిద నీళ్లకు పోతే చాలు, గుర్రం సకిలిస్తూ గుంజ చుట్టూ తిరిగి చెమటలు కక్కేది.

అంతలో ఒక పెళ్లి ఊరేగింపు బేరం కుదిరింది. గాడిద తోడు లేకుండా గుర్రం నడవకపోతే ఆ బేరమూ పోయినట్లే. అందుకే గుర్రానికి అలవాటు చేయాలని సాయిబు భార్య గాడిదను గోడ వెనక్కి తోలుకుపోయి, గుర్రం గోల పెట్టేలోపే తెచ్చేది. రోజురోజుకూ కాస్త ఎక్కువసేపు దాచేది. సాయిబు గుర్రం మెడ నిమురుతూ, "వచ్చాది తల్లీ, వచ్చాది" అనేవాడు.

"నీ పెండ్లాం పుట్టింటికి పోతే నిన్నెవురు బుజ్జగిచ్చారప్పా?" అన్నాను ఒకసారి.

"ఆయమ్మ పోతే నేనూ సకిలిస్తా సార్!"

పెళ్లినాడు బ్యాండు మోగుతున్నా గుర్రం బెదరకుండా నడిచింది. సాయిబు ముఖం వెలిగిపోయింది. ఇంతలో వెనక నుంచి ఓండ్ర వినిపించింది. తెగిన పలుపు ఈడ్చుకుంటూ గాడిద పరుగెత్తుకొస్తోంది.

సాయిబు తల పట్టుకున్నాడు. "అయ్యో, ఒంటిగా ఉండేది గాడిదకు నేర్పకపోతిమే!"

"ఏమప్పా, నా కొడుకు పక్కన గాడిదనా?" అని పెళ్లికొడుకు తండ్రి గద్దించాడు.

గుర్రం మీదున్న పెళ్లికొడుకు పగలబడి నవ్వాడు. "రానీ నాయనా, తోడుపెండ్లికొడుకు లేడంటివే, వచ్చినాడు సూడు!"

ఆ తర్వాత సాయిబు ఇంటికి వచ్చిన పెళ్లివాళ్లందరూ మొదట అడిగింది గాడిదనే.