వేదవతి గారి రెండు కుప్పలు

దిల్‌సుఖ్‌నగర్ ఇల్లు ఖాళీ చేసి పెద్ద అంబర్‌పేట్‌లో చిన్న వాటాలోకి మారుతున్నారు కాబట్టి, పాత గ్రామఫోను రికార్డుల్లో సగం ఎవరికైనా ఇచ్చెయ్యాలని వేదవతి గారే తీర్మానించారు. హాల్లో చాప పరిచి రెండు కుప్పలు మొదలుపెట్టారు, ఉంచేవీ ఇచ్చేవీ. కానీ ఏ రికార్డునైనా అట్టలోంచి తీసి, పాత వాయిలు చీర ముక్కతో తుడిచి, ఒక్కసారి వినకుండా పక్కన పెట్టడం ఆవిడకు చేతకాదు. విన్నాక ఇవ్వడానికి చెయ్యి రాదు. ముందు మెడ ఊగుతుంది, తర్వాత కొంగు నడుముకి బిగుస్తుంది, ఆపైన కాళ్లు చిందేస్తాయి, ఆ రికార్డు కాస్తా ఉంచే కుప్పలోకి పోతుంది.

ఆ రోజు తెలంగాణ బంద్. సామాన్లు తీసుకెళ్లాల్సిన వ్యాను డ్రైవరు లింగస్వామి, మెడలో ఉద్యమం కండువాతో నడిచొచ్చాడు. "ఇయ్యాల బండి ఎట్ల పోతదమ్మా? ఎల్బీనగర్‌ల రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వండుతున్నరు. రేపు పోదాం."

"హమ్మయ్య! అయితే రావయ్యా, ఇది ఇచ్చెయ్యొచ్చో లేదో నువ్వు చెప్పు," అంటూ ఆవిడ ముల్లు దించారు. పాట ఊపందుకోగానే లింగస్వామి కండువా తీసి గిరగిరా తిప్పుతూ ఎగిరాడు. "గిసుంటిది ఎట్లిస్తరమ్మా? ఉంచుండ్రి!"

సాయంత్రానికి ఇచ్చే కుప్పే లేదు. మర్నాడు రికార్డులన్నీ ఎక్కాక వ్యానులో సోఫాకి చోటు మిగల్లేదు.

"పోనీలే," అన్నారు వేదవతి గారు, "కూర్చుని వినేదెవరు?"