పాఠానికి అతికించిన వాక్యం

మొన్న మనవరాలి పరిసరాల విజ్ఞానం పుస్తకానికి అట్ట వేస్తూ, అలవాటు చావక పేజీలు తిరగేశాను. పాఠ్యపుస్తకాలు రాయడం, రాసేవాళ్ళకు నేర్పడమే ఉద్యోగంగా బతికినదాన్ని, చేయి ఊరుకోదు కదా. ఖాళీ డబ్బాల పాఠం దగ్గర ఆగిపోయాను. సీసాలో పూలమొక్క బొమ్మ ముచ్చటగానే ఉంది కానీ, చివర ఉండాల్సిన ఒక్క వాక్యం లేదు. ఒళ్ళు మండిపోయింది.

ఆ పాఠం మొదట రాసింది నేనే. పాఠ్యప్రణాళికా కమిటీలో కొత్తగా చేరిన రోజులవి. నందిగామలో మా అమ్మ బిస్కెట్ల డబ్బాల్లో పప్పులు పోసి దాచుకునేది. అది తలుచుకుని, ఖాళీ డబ్బాలు పారేయకండి, కడిగి మళ్ళీ వాడుకోండి అని రాసి, పర్యావరణాన్ని నేనొక్కదాన్నే ఉద్ధరించినంత సంబరపడిపోయాను. కమిటీ పెద్దాయన కూడా భేష్ అన్నారు.

మరుసటి ఏడాది, పాఠం పిల్లలకు ఎలా అందుతోందో చూద్దామని చిల్లకల్లు దగ్గర ఒక బడికి వెళ్ళాను. అక్కడి పంతులమ్మ, పాఠం చదివి పిల్లలు ఇంటి దగ్గర చేసినవన్నీ గర్వంగా బల్ల మీద పెట్టించింది. అందులో ఒకటి పత్తికి కొట్టే పురుగుమందు డబ్బా. చింతపండుతో, బూడిదతో తళతళా తోమి, పురికొస కట్టి, దాంట్లో పత్తిచేలో కూలికెళ్ళే తల్లికి మంచినీళ్ళు పట్టుకెళ్తోందట ఒక ఐదో తరగతి పిల్ల. మూత తీసి వాసన చూస్తే మందు కంపు ఇంకా గుప్పుమంటోంది. మీ అమ్మకు ఒంట్లో ఎలా ఉందమ్మా అంటే, వాంతులవుతున్నాయని, ఎండదెబ్బ అనుకుంటున్నారని చెప్పింది. ఇందులో నీళ్ళు తాగకూడదు తల్లీ అన్నాను. బిక్కమొహం వేసింది.

"పుస్తకంలోనే ఉందండీ, కడిగి వాడుకోమని. నేను మూడుసార్లు కడిగానండి."

ఆ సాయంత్రమే పంతులమ్మా నేనూ ఆ తల్లిని జగ్గయ్యపేట ఆసుపత్రికి తీసుకెళ్ళి, డబ్బా కూడా డాక్టరుగారికి చూపించాం. దేవుడి దయవల్ల తేరుకుంది. నాకు మాత్రం చాలా రోజులు అన్నం సయించలేదు.

పురుగుమందు డబ్బాలను ఎన్నిసార్లు కడిగినా తిండికీ నీళ్ళకూ వాడకూడదు అన్న వాక్యం చేర్చమని కమిటీలో అడిగితే, పుస్తకం అచ్చయిపోయింది, పైగా పట్నం పిల్లలకు అయోమయంగా ఉంటుందన్నారు పెద్దాయన. పట్నం పిల్లలు అయోమయపడితే ప్రాణాలేం పోవు కదండీ అన్నాను. ఆయనకు కోపం వచ్చింది, వస్తే రానీ అనుకున్నాను. ఆ వాక్యాన్ని చీటీలుగా అచ్చు వేయించి, ఉన్న సెలవులన్నీ పెట్టేసి, మైదా జిగురు గిన్నె ఒళ్ళో పెట్టుకుని నందిగామ నుంచి గరికపాడు దాకా బడిబడికీ బస్సుల్లో తిరిగి నా చేత్తోనే అతికించాను. తోటివాళ్ళు జిగురు మేడమని పేరు పెట్టి నవ్వేవాళ్ళు. తర్వాతి ముద్రణలో ఆ వాక్యం అచ్చులోకి ఎక్కింది, పెద్దాయనే దగ్గరుండి వేయించారు.

ఇప్పుడది ఏమైందని ఫోన్ చేస్తే, పేజీలో చోటు చాలలేదు మేడమ్ అన్నాడు కమిటీలోని కుర్ర ప్రొఫెసర్, ఎంతో మర్యాదగా. ఏ బడికైనా వెళ్ళి చూశారా నాయనా అంటే, అభిప్రాయాలన్నీ ఆన్‌లైన్లోనే తీసుకున్నామన్నాడు. బడి అరుగు మీద పిల్లల మధ్య కూర్చుని, వాళ్ళ మొహాలు చూస్తూ పాఠాలు దిద్దుకున్న ఆ రోజులు గుర్తొచ్చి మనసు కలుక్కుమంది. కమిటీకి ఉత్తరం రాసి పంపాను. జవాబు వచ్చేదాకా ఆ చేలల్లో ఎవరూ దాహం ఆపుకుని కూర్చోరు కదా.

ఆ వాక్యాన్నే మళ్ళీ చీటీలుగా అచ్చు వేయించి, మైదా ఉడికించి, మొదటి చీటీ మనవరాలి పుస్తకంలో అతికించాను. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి కానీ, మిగతా చీటీలు పట్టుకుని రేపు పొద్దున్నే జగ్గయ్యపేట బస్సు ఎక్కుతున్నా.