అక్క నమిలిన బియ్యం

మొన్న వంటింట్లో నా కూతురు పచ్చి బియ్యం నములుతుంటే, ఆ కరకర చప్పుడుకి దెందులూరు దగ్గరి మా ఇల్లు గుర్తొచ్చింది.

అప్పుడు అక్కకి పద్నాలుగేళ్లు, నాకు ఎనిమిది. చేపల చెరువు మీద పనిచేసే నాన్నకి క్యారేజీ తీసుకెళ్తూ అక్క గట్టు మీద నాలుగుసార్లు కూలబడేది. పెదాలు పాలిపోయి ఉండేవి. అమ్మ అది బద్ధకమనేది. నేనూ అంతే అనుకున్నాను. ఆయాసం తగ్గాక అక్క గుప్పిట్లో దాచుకున్న బియ్యం నములుతూ, "అమ్మకి చెప్పకే" అనేది.

బియ్యం తింటే పెళ్లినాడు వాన పడుతుందని మా ఇళ్లల్లో అంటారు. అక్క పెళ్లి తడిసిపోతుందని భయమేసి చెప్పేశాను. అమ్మ బియ్యం డబ్బాని గదిలో పెట్టి తాళం వేసింది. వారం తిరక్కుండా అక్క నా బలపాలు కొరుక్కు తినడం మొదలుపెట్టింది. బలపాలకి వాన పడదు కదా, అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అక్క పెళ్లికి చినుకు కూడా రాలలేదు. నావల్లేనని మురిసిపోయాను.

ఇవాళ మా అమ్మాయిని చూసిన డాక్టరుగారు, "రక్తం బాగా తక్కువుందండి. బియ్యం మీదికి మనసు పోయేది అందుకేనండి" అన్నారు. బయటికొచ్చి అక్కకి ఫోన్ చేశాను.

"ఇంకా బియ్యం తింటున్నావా అక్కా?"

అక్క గొంతు తగ్గించింది.

"మీ బావగారికి చెప్పకే" అంది.