మా అన్న తాగలేదు

శనివారం పొద్దున ఆరున్నరకు కొత్తగూడెంలో హన్మకొండ బస్సెక్కాను. సంచిలో పరుగు బూట్లు, తువ్వాల, ఒక తెల్ల టీషర్టు. దాని వీపు మీద ఎర్ర అక్షరాలతో ‘మా అన్న తాగలేదు’ అని అచ్చేయించాను. మర్నాడు గోదావరిఖనిలో ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. మా అన్నకున్న జబ్బే ఉన్నవాళ్లకు వ్యాయామ కేంద్రం పెడతామని ఒక సంఘం చందాలు పోగుచేస్తోంది. చందా కోసమే పరుగెత్తుతున్నానని అందరికీ చెప్పాను. అసలు సంగతి వీపు మీద ఉంది.

అన్నది చిన్నమెదడు అరిగిపోయే జబ్బు. ముందు నడక తూలుతుంది, తర్వాత మాట ముద్దవుతుంది, ఆపైన చేతిలో గ్లాసు నిలవదు. మందు లేదు. ఇదంతా హైదరాబాదు డాక్టరు చెప్పాకే తెలిసింది. అంతకుముందు రెండేళ్లు, అన్న తూలితే అందరం ఒకటే అనుకున్నాం. అన్న పనిచేసే బొగ్గుబావి మీద, పని చేయించే సర్దారు నోరు వాసన చూసి, వాసన లేకపోయినా ఇంటికి పంపాడు. మా నాన్న దినం నాడు వడ్డిస్తూ తూలి పప్పు గిన్నె జారవిడిస్తే, బంధువులందరి ముందూ అన్న చెంప మీద కొట్టింది నేను. తమ్ముణ్ని.

పదిన్నరకు హన్మకొండ. ఎవరైనా ఈ దారిన వెళితే అక్కడే తినేయండి, ఆ తర్వాత బస్సు ఆగేచోట పల్లీలు తప్ప ఏమీ దొరకవు. గోదావరిఖని బస్సులో పక్కన ఒక రిటైరైన కార్మికుడు కూర్చున్నాడు. ఎందుకు పోతున్నానో చెప్పాను.

“గీ ఉరుకుడెందుకు బిడ్డా? అన్‌ఫిట్ చేపిస్తె పిల్లగానికి నౌకరొస్తది గద,” అన్నాడు. తర్వాత దగ్గరికి జరిగి, “మంచిగ తూలుతుండా మరి?”

బావి డ్యూటీకి పనికిరాడని తేలితే పిల్లలకు కొలువొస్తుంది. అందుకని మా వైపు ఏ రోగమైనా ముందు నాటకమే. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

నాలుగింటికి గోదావరిఖనిలో అన్న ఉండే కంపెనీ క్వార్టరు చేరాను. వదిన చాయ్ ఇచ్చింది. టీషర్టు విప్పి చూపిస్తే అన్న గోడ పట్టుకుని నవ్వాడు.

“గిది సదివితె, డౌటు లేనోనికి గూడ వస్తది తమ్మీ.”

“నువ్ ఊకో అన్నా. రేపు ఉరికొచ్చి స్టేడియం గేటు దాటంగనే నువ్ కనబడాలె నాకు.”

ఆదివారం ఐదున్నరకు స్టేడియం నుంచి పరుగు మొదలు. గోదావరి వంతెన దాటి శ్రీరాంపూర్ దారిలో కొంతదూరం పోయి రావాలి. వంతెన మీద గాలి బాగుంది, అంతవరకే బాగుంది. తర్వాత బొగ్గు లారీల దుమ్ము. వెనకనుంచి దాటిపోయిన ఇద్దరు కుర్రాళ్లు వీపు చదివి, “మరి నువ్ తాగినవా అన్నా?” అని పకపకా నవ్వారు. పదిహేనో కిలోమీటరు నుంచి నా కాళ్లు నా మాట వినడం మానేశాయి.

ఎనిమిదింపావుకు స్టేడియంలోకి వచ్చాను. మెడలో పతకం వేశారు. అన్న లేడు. వెతుక్కుంటూ గేటు బయటికి వస్తే, గోడ నీడన కుర్చీలో ఉన్నాడు. పక్కన వదిన కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. సంఘం బ్యాడ్జీ పెట్టుకున్న నడివయసు మనిషి గేటు దగ్గరే ఆపేశాడట. తాగినోళ్లను లోపలికి రానివ్వం అన్నాడట. వదిన ఎంత చెప్పినా, “ఇంటోళ్లు గట్లనే అంటరక్కా,” అన్నాడట.

ఎవరి జబ్బు కోసం పరుగు పెట్టారో వాణ్నే గేటు బయట కూర్చోబెట్టారు! నేను ఆ మనిషి కాలర్ పట్టుకున్నాను. అతను బిత్తరపోయి, స్టేజీ మీదికి తీసుకెళ్లి శాలువా కప్పిస్తానన్నాడు. అన్న వద్దని చెయ్యి ఊపాడు.

“ఇడ్సిపెట్టు తమ్మీ. మొదలు రోగమని చెప్పిన, నవ్విండు. తాగిన అని చెప్పిన, నీడకు కుర్చేసిండు. నాకు కూసునుడు గావాలె గని.”

నేను కాలర్ వదిలేశాను.

పదకొండింటికి హన్మకొండ బస్సు. అదే టీషర్టు, మార్చుకునే ఓపిక లేదు. మెట్టెక్కుతుంటే పిక్క పట్టేసి, తూలి, కమ్మీ పట్టుకుని వేలాడాను.

“ఏందన్నా, పొద్దుగాల్నే ఏసినవా?” అన్నాడు కండక్టరు.

వీపు చూపిద్దామని సగం తిరిగాను. చూపిస్తే, అన్న ఎవరు, ఏం జబ్బు, నీకూ వస్తదా, అన్‌ఫిట్ అయిందా అని హన్మకొండ దాకా అదే పంచాయితీ.

“ఏసిన,” అన్నాను.

“పైలం మరి. కిటికి కాడ కూసో. కడుపుల తిప్పితె చెప్పు, ఆపుతం.” చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, తన నీళ్ల సీసా ఇచ్చాడు. రెండు రోజుల ప్రయాణంలో నన్ను ఇంత బాగా చూసుకున్నవాడు ఇంకొకడు లేడు.

వీపు సీటుకు ఆనించి కూర్చున్నాను. ఆనాటి చెంపదెబ్బ గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు. పక్కాయన ఒకసారి చూసి కొంచెం జరిగాడు. తాగినవాడు ఏడిస్తే ఎందుకని ఎవరూ అడగరు.